హాజరు పట్టీలో ఏడు పేర్ల కిందికి

ప్రశ్న:

నాకు 57 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా ఆఫీసులో పనిచేస్తున్నాను. 1994లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, 2011లో సీనియర్ అసిస్టెంట్‌ని, 2022లో సూపరింటెండెంట్‌ని అయ్యాను. మా ఆఫీసులోనే ఇద్దరు సీనియారిటీ మీద హైకోర్టుకి వెళ్లి గెలిచారు. జాబితా తిరగరాస్తే నలుగురు నాకు పైకి వచ్చారు. మారిన జాబితా ఆఫీసులో తిప్పినప్పుడు అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను, సరిగ్గా చదవలేదు. మూడు వారాల కిందట నన్ను మళ్లీ సీనియర్ అసిస్టెంట్‌గా రివర్ట్ చేస్తూ ఆర్డర్ వచ్చింది. అదే ఆఫీసు, అదే సెక్షన్. మొన్నటిదాకా నాకు ఫైళ్లు పెట్టిన మనిషే, కేసు గెలిచిన ఇద్దరిలో ఒకతను, ఇప్పుడు నాకు సూపరింటెండెంట్. ఎక్కువగా తీసుకున్న జీతం వసూలు చేస్తామని కూడా ఆర్డర్‌లో రాశారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. హాజరు పట్టీలో రెండో పేరు నాది. దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి తొమ్మిదో వరసలో రాశారు. సంతకం పెట్టకుండా వచ్చేశాను. అప్పటినుంచి మెడికల్ లీవులో ఉన్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. సంబంధం మాట్లాడినప్పుడు సూపరింటెండెంట్ అనే చెప్పుకున్నాం. శుభలేఖలో ఏం వేయాలో తెలియడం లేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మెమో తీసుకోలేదు. నేనేం తప్పు చేశానని ఈ శిక్ష? వి.ఆర్.ఎస్. (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

(పేరు, ఊరు వేయవద్దన్నారు.)

సమాధానం:

నమస్కారం. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది జీతం సంగతి కాదు, పెళ్లి సంగతి కూడా కాదు. ఆ ఎర్ర ఇంకు. ఎవరో జూనియర్ అసిస్టెంట్ స్కేలు పెట్టి నీటుగా గీత కొట్టి ఉంటాడు. అతనికి అది పది నిమిషాల పని. ఒకటో తారీఖుదాకా ఆగి ఉంటే కొత్త పేజీలో కొత్త వరసే వచ్చేది, గీత కొట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆఫీసుల్లో ఇలాంటి చిన్న మర్యాదలు ఎవరికీ తట్టవు. ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకునే రోజులొచ్చినా ఆ పట్టీ పోలేదు, ఆ ఎర్ర కలమూ పోలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నా సర్వీసులో ఎంతమంది పేర్లు కొట్టేశానో.

వి.ఆర్.ఎస్. సంగతి ముందే చెప్పేస్తాను: వద్దు. ఎందుకు వద్దో డబ్బు లెక్కతో సహా కింద రాస్తాను. దానికంటే ముందు మీరు వాడిన 'శిక్ష' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మీ నిద్ర పోయింది ఆ మాట వల్లే అని నాకనిపిస్తోంది.

ప్రభుత్వ ఉద్యోగిని పై పోస్టు నుంచి కిందికి దించడం రెండు రకాలుగా జరుగుతుంది. తప్పు చేశాడని దించడం ఒకటి. రాజ్యాంగం 311వ అధికరణంలో దీన్ని డిస్మిస్ చేయడం, ఉద్యోగం నుంచి తీసేయడం పక్కనే పెట్టింది. ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరిపి, ఉద్యోగి చెప్పేది విన్నాకే ఆ పని చేయాలి. మన 1991 సీసీఏ రూల్సులోనూ, అంటే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల నియమాల్లోనూ, అది పెద్ద శిక్షల్లోనే ఉంది. ఛార్జిమెమో, ఎంక్వయిరీ ఆఫీసరు, వివరణ, అన్నీ నడవాలి. మీ విషయంలో ఇవేవీ నడవలేదు, ఎందుకంటే మీ మీద ఆరోపణే లేదు. రెండో రకం, లెక్క మారిందని దించడం. ప్యానెల్, అంటే పదోన్నతికి అర్హుల జాబితా, తిరగరాస్తారు, కోర్టు తీర్పు వస్తుంది, ఖాళీలు లెక్కపెట్టడంలో తేడా బయటపడుతుంది. అదే సీసీఏ రూల్సులో శిక్షల జాబితాకి వివరణ కూడా ఇచ్చారు: ఉద్యోగి ప్రవర్తనతో సంబంధం లేని పాలనాపరమైన కారణంతో రివర్ట్ చేస్తే అది శిక్ష కిందికి రాదని.

ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చింది ఒక రైల్వే ఉద్యోగి కేసు. పర్శోత్తమ్ లాల్ ధింగ్రా అని, సిగ్నలర్‌గా చేరి మెట్టు మెట్టుగా పైకొచ్చినాయన. క్లాస్ టూ పోస్టులో తాత్కాలికంగా వేసి, కొన్నాళ్లకి మళ్లీ క్లాస్ త్రీకి దించారు. సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1957లో ఓడిపోయారు. కాని ఆయన ఓడిపోయిన తీర్పులోనే కోర్టు ఒక కొలత ఇచ్చింది, ఇప్పటికీ సర్వీసు కేసులు వాదించేవాళ్లు దాని దగ్గరే మొదలుపెడతారు. ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కు ఏర్పడిందా? లేదంటే, దించేటప్పుడు దాంతోపాటు జీతంలోనో సీనియారిటీలోనో రాబోయే పదోన్నతిలోనో దండన కింద కోత పెట్టారా? వీటిలో ఏది ఉన్నా, ఆర్డర్ మీద ఏ పేరు రాసినా అది శిక్షే. రెండూ లేకపోతే కాదు.

ఇప్పుడు మీ 2022 నాటి పదోన్నతి ఆర్డర్ బీరువాలోంచి బయటికి తీయండి. ముందు పేజీలో పేర్లుంటాయి. మనందరం అక్కడిదాకా చదివి స్వీట్లు కొనడానికి వెళ్తాం. ఆ తర్వాత షరతులుంటాయి. రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు రూల్సు 10(ఎ) కింద తాత్కాలికంగా ఇస్తున్నామని, నోటీసు లేకుండా కారణం చెప్పకుండా ఎప్పుడైనా రివర్ట్ చేయవచ్చని ఉంటుంది. కేసు నడుస్తుంటే తుది తీర్పుకి లోబడి అని ఇంకో ముక్క కూడా ఉంటుంది. మీ ఆర్డర్‌లో ఇవి ఉంటే, ఆ కుర్చీ మొదటినుంచీ మీకు అద్దెకే ఇచ్చారు. అవి లేకపోతే, రెగ్యులర్ ప్యానెల్‌లో వచ్చి ప్రొబేషన్ కూడా డిక్లేర్ అయి ఉంటే, మీ కథ వేరు. అప్పుడు లాయరు దగ్గరికి వెళ్లడానికి గట్టి కారణం ఉన్నట్టే. ఇది తేలాలంటే ఆ రెండో పేజీ చదవాలి. మారిన సీనియారిటీ జాబితా చదవకుండా సంతకం పెట్టానని మీరే రాశారు కాబట్టి మళ్లీ అంటున్నాను, ఏమీ అనుకోకండి: కూర్చుని చదవండి. 'నేనేం తప్పు చేశాను' అని అడిగారు. తప్పేమీ చేయలేదు. అభ్యంతరాలు చెప్పుకోమని ఇచ్చిన కాగితం మీద చూశానని సంతకం పెట్టి పక్కవాళ్లకి అందించారు, ఆ ఒక్కటీ మినహా.

కోర్టుకి వెళ్లాలా అన్నదానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. మారిన తుది జాబితా సంపాదించండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. అందులో మీ పేరుకి కింద ఉన్నవాళ్లెవరైనా ఇంకా సూపరింటెండెంట్‌గా కొనసాగుతున్నారా చూడండి. ఒక్కరున్నా సరే, రాసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో సుఘర్ సింగ్ అనే హెడ్ కానిస్టేబుల్‌ని ఇలాగే తాత్కాలికంగా పైన కూర్చోబెట్టి, తర్వాత దించేశారు. ఆయనకంటే జూనియర్లు మాత్రం పైనే ఉన్నారు. తాత్కాలికమైనా సరే, ఒక్కడినే ఏరి దించి జూనియర్లను ఉంచడం సమానత్వానికి విరుద్ధమని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కింద ఎవరూ లేరా, ఆ నలుగురూ నిజంగానే మీకంటే ముందువాళ్లేనా? అయితే కోర్టు ఖర్చు అమ్మాయి పెళ్లికి ఉంచుకోండి. ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ పోయాక ఇప్పుడు మన సర్వీసు గొడవలన్నీ నేరుగా హైకోర్టుకే వెళ్తున్నాయి. అక్కడ మన వంతు ఎప్పుడొస్తుందో మీకు తెలియంది కాదు. అనుమానం ఉంటే ముందు పై అధికారికి అప్పీలు పెట్టండి. ఆర్డర్ చేతికొచ్చి మూడు నెలలు దాటకుండా పెట్టండి.

ఇక రికవరీ. ఇక్కడ మాత్రం తగ్గవద్దు. మూడేళ్లు మీరు సూపరింటెండెంట్ పని చేశారు. తపాలు చూశారు, ఫైళ్లు దిద్దారు, ఆడిట్ అభ్యంతరాలకి సమాధానాలు రాశారు. ఆ పనికి ఇచ్చిన జీతాన్ని ఇప్పుడు వెనక్కి అడుగుతున్నారు. రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏయే సందర్భాల్లో ఇలా వసూలు చేయకూడదో చెప్పింది. క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్ ఉద్యోగుల నుంచి తీసుకోకూడదంది. రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలో రిటైరయ్యేవాళ్ల నుంచి తీసుకోకూడదంది. ఐదేళ్లు దాటిన పాత చెల్లింపుల జోలికి వెళ్లొద్దంది. పొరపాటున పై పోస్టు పని చేయించుకుని దానికి తగ్గ జీతం ఇచ్చినప్పుడూ అడగకూడదంది. ఈ చివరిది మీ కోసమే రాసినట్టుంది. అయితే ఒక మెలిక ఉంది. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు, ఎక్కువ వస్తే తిరిగి కడతానని ఉద్యోగి ముందే రాసిచ్చి ఉంటే అది కట్టుబడి ఉండాల్సిందే అంది. పదోన్నతికి పే ఫిక్సేషన్ చేసినప్పుడు మీరు అలాంటి అండర్‌టేకింగ్ ఏమైనా ఇచ్చారా? అప్పుడు అన్నీ కట్టగట్టి ఇచ్చి 'ఇక్కడ సంతకం పెట్టండి సార్' అంటారు, మనం పెట్టేస్తాం. సర్వీసు రిజిస్టర్‌తో పాటు ఆ ఫైలు కూడా చూడండి. ఇచ్చినా ఇవ్వకపోయినా రికవరీ మీద విడిగా ఒక అర్జీ ఇవ్వండి. రివర్షన్ గొడవతో దాన్ని కలపొద్దు.

జీతం ఎంత తగ్గుతుందో లెక్క వేశారా? వేయలేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. పై పోస్టులో చేసిన సర్వీసు కింది పోస్టు ఇంక్రిమెంట్లకి లెక్కలోకి వస్తుంది, జీతాలు, లీవుల సంగతి చూసే ఫండమెంటల్ రూల్సులోనే ఉంది. అంటే 2022లో సీనియర్ అసిస్టెంట్‌గా మీకున్న జీతం దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టడం కుదరదు. అసలు పదోన్నతే తీసుకోకుండా ఆ సీట్లోనే ఉండి ఉంటే ఈరోజుకి ఎంత వచ్చేదో అంత ఇవ్వాలి. ఇంకొకటి. 2011 నుంచి లెక్కేస్తే సీనియర్ అసిస్టెంట్‌గా మీకు పన్నెండేళ్లు ఎప్పుడో దాటాయి. ఒకే పోస్టులో ఏళ్లతరబడి ఉండిపోయినవాళ్లకి జీతం స్కేలు పెంచే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీములో పన్నెండేళ్లకి వచ్చే స్కేలు, పరీక్షలన్నీ పాసై అర్హత ఉన్నవాళ్లకి, పై పోస్టు స్కేలే. మీరు సూపరింటెండెంట్ అయ్యారంటే అర్హత ఉన్నట్టే కదా. ఆ స్కేలు వర్తింపజేయమని, మధ్యలో పై పోస్టులో చేసిన కాలాన్ని కూడా కలపమని కాగితం పెట్టండి. అది ఒప్పుకుంటే జీతంలో పోయేది మీరు ఊహించుకుంటున్నంత ఉండదు. నాకు తెలిసిన ఒకాయన దిగాక కూడా జీతం రెండు ఇంక్రిమెంట్ల తేడాలోనే ఉంది. ఆయన మాత్రం ఊరంతా సగం జీతం పోయిందని చెప్పుకున్నాడు. అది వేరే బాధలెండి.

ఇప్పుడు వి.ఆర్.ఎస్. ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు, అందులో అనుమానం లేదు. కాని పెన్షన్ కట్టేది చివరి జీతం మీద. మీ సర్వీసు మొత్తంలో కాగితం మీద మీరు కిందికి దిగి ఉన్న రోజులు ఇవే. సరిగ్గా ఈ రోజుల్లోనే వెళ్లిపోయి, బతికినంతకాలం వచ్చే పెన్షన్‌కి ఈ జీతాన్నే కొలతగా పెట్టుకుంటానంటున్నారు. అరవై రెండు దాకా ఇంకా ఐదేళ్లుంది. పైన ఉన్నది నలుగురే. 2022 జనవరిలో రిటైర్మెంట్ వయసు అరవై నుంచి అరవై రెండుకి పెంచాక రెండేళ్లపాటు వయసు మీద రిటైరయ్యేవాళ్లే లేక ఖాళీలు ఎండిపోయాయి. 2024 నుంచి మళ్లీ రిటైరవుతున్నారు. మీ జిల్లాలో ఈ ప్యానెల్ సంవత్సరంలో, అంటే వచ్చే ఆగస్టు 31 లోపు, ఎవరెవరు రిటైరవుతున్నారో మీకు నోటికి వచ్చే ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ సంఖ్య వచ్చాక కూడా వెళ్లిపోవాలనిపిస్తే నాకు ఇంకో ఉత్తరం రాయండి.

దిగినవాళ్లు మళ్లీ ఎక్కడం కొత్త కాదు. కర్ణాటకలో 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో పదోన్నతుల్లో సీనియారిటీ జాబితాలు తిరగరాయాల్సి వచ్చింది. ఇంజనీర్ల దగ్గర్నుంచి గుమాస్తాల దాకా ఎందరికో కింద మీద అయింది. రాష్ట్రం కొత్త చట్టం తెచ్చుకుంది, 2019 మే నెలలో అదే కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. జాబితాలు మళ్లీ తిరిగాయి. జాబితా అంటేనే అంత. కాగితం మీద ఉన్న వరస, మనిషి మీద రాసిన తీర్పు కాదు.

ఇన్ని చెప్పినా మీకు అసలు గుచ్చుకుంటున్నది ఇది కాదని నాకు తెలుసు. ఎందుకంటే నేనూ దిగినవాడినే. పద్నాలుగు నెలలు సూపరింటెండెంట్‌గా చేసి, ప్యానెల్ తిరగరాశాక మళ్లీ సీనియర్ అసిస్టెంట్ సీట్లోకి వచ్చాను. అప్పట్లో ఈ-ఆఫీసులు లేవు, అంతా కాగితమే. నోటు రాసిన గుమాస్తా కింద ఎడమవైపు పొట్టి సంతకం పెడతాడు, పైవాళ్లు కుడివైపు పెడతారు. మొదటిరోజు ఒక నోటు రాసి, అలవాటుగా కుడివైపు సంతకం పెట్టేశాను. చూసుకునేసరికి ఫైలు లోపలికి వెళ్లిపోయింది. చెవులు వేడెక్కిపోయాయి. కొత్త సూపరింటెండెంట్ గారు ఏమీ అనలేదు. నా సంతకం కింద ఉన్న కొంచెం చోట్లో తన సంతకం ఇరికించి పంపేశారు. ఆ నోట్ ఫైలు ఇప్పటికీ ఏ రికార్డు రూములోనో ఉండే ఉంటుంది, ఒకదాని కింద ఒకటి రెండు సంతకాలతో.

అదేరోజు పదకొండింటికి టీ వచ్చింది. అటెండరు రెండు గ్లాసులు పట్టుకుని గది మధ్యలో ఆగిపోయాడు. పద్నాలుగు నెలలుగా మొదటి గ్లాసు నా బల్ల మీద పెట్టిన మనిషి. ఇప్పుడు ముందు ఎక్కడ పెట్టాలో తేలక నన్ను చూస్తున్నాడు, ఆయన్ని చూస్తున్నాడు. గదిలో అందరూ ఫైళ్లలోకి తలలు దూర్చేశారు. అప్పుడు అర్థమైంది, అవమానం నాదే అనుకుంటున్నాను గాని ఇబ్బంది పడుతున్నది వీళ్లందరూ అని. లేచి వెళ్లి ఒక గ్లాసు అతని చేతిలోంచి నేనే తీసుకుని, రెండోది లోపలికి పంపించాను. మర్నాటి నుంచి అతనికి ఆ ఇబ్బంది లేదు. వారం తిరిగేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తు కూడా లేదు, నాకు తప్ప.

మీరు మూడు వారాలుగా లీవులో ఉన్నారు. అంటే మూడు వారాలుగా మీ ఆఫీసులో ఆ టీ గ్లాసు గాల్లోనే ఉంది. మీ సీటు దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతులు తగ్గుతున్నాయి. 'పాపం' అనేవాళ్లు అంటున్నారు, 'బాగా అయింది' అనుకునేవాళ్లూ ఉంటారు, మూడేళ్లు మీరు అధికారం చేశారు కదా. మీరు వచ్చి కూర్చునేదాకా ఇది ఆగదు. మీకోసం ఇంకెవరూ ఆపలేరు.

ఆ కొత్త సూపరింటెండెంట్ సంగతి. మొన్నటిదాకా నా కింద ఫైళ్లు పెట్టిన మనిషి అని రాశారు. దాన్ని అటువైపు నుంచి ఒకసారి చూడండి. తనకి రావలసిన కుర్చీలో మీరు కూర్చుని ఉంటే, రోజూ మీకు ఫైలు పెట్టి, మీరు దిద్దితే మళ్లీ రాసి, సాయంత్రం లాయరు ఆఫీసుకి వెళ్లొచ్చి, మర్నాడు పొద్దున్నే మీకు నమస్కారం పెట్టాడు. మీ మీద కోపం చూపించాడా? చూపించి ఉంటే మీ ఉత్తరంలో రాసేవారే. కటువుగా ఉందని తెలుసు, కాని కోర్టు చెప్పినదాని ప్రకారం ఆయన మీది ఏమీ తీసుకోలేదు. మూడేళ్లు ఆయనది మీ దగ్గర ఉంది.

ఏమని పిలవాలన్నది పెద్ద చిక్కులా కనబడుతుంది, ఒక్క పూటలో తేలిపోతుంది. నలుగురిలో 'సూపరింటెండెంట్ గారూ' అనండి. మొదటిసారి మీరే అనండి, అందరూ వినేలా. ఆయన మిమ్మల్ని ఇదివరకు అన్నగారూ అనేవాడైతే ఇప్పుడూ అలాగే అంటాడు, నాకు తెలిసి ఇంకాస్త గట్టిగానే అంటాడు. ఆయన మీ నోట్ దిద్దితే దిద్దనివ్వండి. పాత అలవాటుతో ఆయన సెక్షన్‌లో జూనియర్లకి మీరు పనులు చెప్పొద్దు. వాళ్లు మీ దగ్గరికే వచ్చి అడుగుతారు, అది తప్పదు, తెలిసింది చెప్పి 'సారుని కూడా ఒకసారి అడగండి' అని పంపండి. దిగిన మనిషికి ఆఫీసులో అన్నిటికంటే పెద్ద గొయ్యి అదే, పక్కన ఇంకో చిన్న దర్బారు పెట్టుకోవడం.

మన దగ్గర దీనికంటే పెద్ద కుర్చీ విషయంలోనే ఇలా జరిగింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి గారు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఆయన దగ్గర ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబరు ఒకటిన తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, ఆ మంత్రివర్గంలో గోపాలరెడ్డి గారు మంత్రి. రాత్రికి రాత్రి వరస తారుమారు. ఆయన మెడికల్ లీవు పెట్టలేదు. తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు, ఉత్తరప్రదేశ్‌కి గవర్నరూ అయ్యారు. రాజకీయాల్లో లోపల వేరే లెక్కలుంటాయి, ఆ సంగతి నాకూ తెలుసు. మనకి కావలసింది ఆ మంత్రివర్గంలో ఆయన వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారన్న ముక్క.

పెళ్లి విషయానికి వస్తే, మీ ఉత్తరంలో మీ ఆవిడ మాట ఒక్కసారీ రాలేదు. ఆవిడకి చెప్పారా? మెడికల్ లీవు అని ఇంట్లో ఏం చెప్పారు, నడుం నొప్పా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి. ముప్పై ఏళ్ల కాపురంలో మీ డి.ఏ. బకాయిలు ఎంతో కూడా తెలిసిన మనిషికి ఇది తెలియకుండా ఉందని మీరు అనుకోవడమే పొరపాటేమో. తర్వాత ఇద్దరూ కలిసి వియ్యంకుల ఇంటికి వెళ్లండి. ఫోన్లో వద్దు, శుభలేఖలు అచ్చుకి వెళ్లేముందే వెళ్లండి. రెండు మాటల్లో చెప్పేయండి: కోర్టు తీర్పుతో సీనియారిటీ మారింది, ప్రస్తుతం సీనియర్ అసిస్టెంట్‌ని, మళ్లీ ప్యానెల్‌లో వస్తుంది అని. వివరణలు సాగదీస్తే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు ముఖం మాడ్చుకుంటే అది పెళ్లికి ముందే తెలియడం మీ అమ్మాయికి మంచిది. శుభలేఖలో తల్లిదండ్రుల పేర్లు చాలు. ఉద్యోగాలు వేయని శుభలేఖలు బోలెడు వస్తున్నాయి, ఎవరూ అడగరు.

నిద్ర పట్టడం లేదన్నారు. లీవు కోసం సర్టిఫికెట్ రాసిచ్చిన డాక్టరుకే ఈసారి నిజం చెప్పండి. బి.పి. చూపించుకోండి. మందు రాస్తే వేసుకోండి, దానికి సిగ్గేమీ లేదు.

ఇక కాగితాల వైపు. ఫుల్ పే మీద పెట్టే మెడికల్ లీవు ఒక రోజుకి మీ ఖాతాలో రెండు హాఫ్ పే లీవులు తింటుంది. పెళ్లి ముందుంది, వాటిని ఇలా కరిగించవద్దు. సంతకం పెట్టకుండా వచ్చేసిన ఆ ఒక్కరోజు కూడా లీవులో కలిసిందో లేదో చూసుకోండి, లేకపోతే తర్వాత సర్వీసు రిజిస్టర్‌లో అదొక గొడవ. చేరితే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని భయపడొద్దు. చేరే కాగితంలోనే 'నా అభ్యంతరాలు, హక్కులు అలాగే ఉంచుకుని చేరుతున్నాను' అని ఒక వాక్యం రాసి, ఒక కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. పెళ్లి ఖర్చుకి జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) డబ్బు తీసుకోవాలంటే మీ దరఖాస్తు ఆఫీసు ద్వారానే వెళ్లాలి, బిల్లు పాసయ్యేసరికి ఎన్ని వారాలు పడుతుందో తెలుసుగా. ఆ కాగితం మీద ముందు సంతకం పెట్టి పైకి పంపేది మీ కొత్త సూపరింటెండెంటే. అన్నగారి అమ్మాయి పెళ్లి అంటే ఆపడు లెండి.

ఒకటో తారీఖున వెళ్లి చేరండి, ఆదివారం పడితే రెండున. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ముందురోజే రాయించుకోండి. పట్టీలో కొత్త నెల, కొత్త పేజీ. తొమ్మిదో వరసలో మీ పేరుంటుంది, ఎర్ర గీత ఉండదు.